పసుపు ముద్ర

నమోదు 1. ఏప్రిల్ 21

వంతెన చట్టం మొత్తంలో నాకు పనికొచ్చే వాక్యం ఒకటే ఉంది, నలభయ్యో పేజీలో. గేటు రికార్డు తప్పనేవాళ్లు ఏ రోజు సంగతి ఆ రోజు చేత్తో రాసిన పుస్తకం తెస్తే, దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి. అందుకని రాస్తున్నాను. నా పేరు పైడితల్లి. ఇరవై నాలుగేళ్లు. పలాసలో ఎనిమిదో తరగతితో బడి ఆగింది. ఇక్కడి భాష, చట్టం, చేతిలో ఉన్న పని, అన్నీ నా అంతట నేను నేర్చుకున్నవే. కాబట్టి నాకు అర్థం కాదని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

ఈ ఉదయం ఆరున్నరకి మా గుంపు తొమ్మిది మందిమీ వంతెన మీదున్నాం. గాలిమరల పాత రెక్కలు పడమటి ఒడ్డు యార్డుకి వస్తాయి. వాటిని కోసి, గీకి, నున్నగా రుద్ది ఇళ్లకు పైకప్పులు చేస్తాం. ఈ నదికి రెండు ఒడ్లూ రెండు దేశాలు. మాకు నివాస కార్డు ఇచ్చింది తూర్పు ఒడ్డు. ఇక్కడ ఎన్నాళ్లయినా ఉండొచ్చు. పడమట మాత్రం పరాయివాళ్లం. ఏ నూట ఎనభై రోజులు తీసుకున్నా అక్కడ తొంభైకి మించి ఉండకూడదు. అందుకే ఆరు రోజులు అటు యార్డు షెడ్డులో, ఎనిమిది రోజులు ఇటు మా గదిలో.

రెక్కలు రుద్దీ రుద్దీ మా వేళ్ల మీద గీతలు పోయాయి. వేళ్లు చూసే యంత్రానికి మేం మనుషులం కాము. మాలాంటి వాళ్ల కోసం జనవరిలో మాట్లాడే గేటు పెట్టారు. ఎవరి భాషలో వాళ్లను అడుగుతుంది. మనం చెప్పిన మాటే ముద్ర. పాస్‌పోర్టు చివరి పేజీలో పల్చటి పొర ఉంటుంది, దాని మీద రంగు తేలుతుంది.

ఢిల్లేశ్వరి పిన్ని నా ముందు నిలబడింది. పిన్ని అంటే నాకు చుట్టం కాదు. భావనపాడు మనిషి, నలభై ఎనిమిదేళ్లు. ఈ గుంపులో తెలుగువాళ్లం మేమిద్దరమే, ఒకే గదిలో ఉంటాం.

"నమస్కారం ఢిల్లేశ్వరి గారూ" అంది గేటు. "పడమటి ఒడ్డున మీ దినములు తొంభై ఎనిమిది. పరిమితి తొంభై. ప్రవేశము లేదు."

పిన్ని నవ్వుతూనే నావైపు తిరిగింది. "ఏటంతాదే ఇది?"

"నిన్ను రానీదంట."

"నానేటి సేశాను?"

గేటు పక్క సందులోంచి కాగితం వచ్చింది. చదివాను. ఏప్రిల్ 30న విచారణ. అక్కడ లెక్క తప్పని నిరూపించకపోతే నివాస కార్డు రద్దు. రెండు ఒడ్లూ విడిచి శాశ్వతంగా వెళ్లిపోవాలి.

పిన్నికి మే 12తో ఇక్కడ ఐదేళ్లు నిండుతాయి. ఆ రోజు శాశ్వత కార్డు చేతికొస్తుంది. ఆ తర్వాత ఏ గేటూ ఆమె రోజులు లెక్కపెట్టదు, తన పేరు మీద షెడ్డు తీసుకోవచ్చు. యార్డులో ఒక రెక్క కొసను ఆమె సుద్దముక్కతో గీసి పక్కన పెట్టించుకుంది. దాంతో పడవ చేస్తుందట. పడవలు చేసే ఇంట్లో పుట్టి పైకప్పులు రుద్దుతున్నందుకు ఐదేళ్లుగా ఆమెకు సిగ్గు.

ఏడు దఫాలు వెళ్లాం. దఫాకి ఆరు రోజులు. ఏడార్లు నలభై రెండు. నాకూ నలభై రెండే, నా వెనకున్న ఉజ్బెక్ మనిషి గుల్నారాకూ నలభై రెండే. పిన్నికి మాత్రం తొంభై ఎనిమిది. మాతోనే వెళ్లి, మాతోనే వచ్చిన మనిషికి.

నన్ను రమ్మంది గేటు. నేను దాటలేదు. గుల్నారా మా గుంపుకి పెద్ద. "మూడు రోజులు నీ రెక్క నేను గీకుతాను. నాలుగో రోజు రాకపోతే నిన్ను గీకుతాను" అని వెళ్లిపోయింది. మంచి మనిషి.

నమోదు 2. ఏప్రిల్ 22

వంకాయలో ఎండుచేప వేసి పిన్ని పొయ్యి మీద పెట్టింది. కిటికీలు మూసేశాం, పక్కింటావిడ వాసనకి ఫిర్యాదు చేస్తుంది. నేను ఇద్దరి పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచాను.

నా చివరి పేజీలో ఏడు నీలం చుక్కలు, ఏడు ఎరుపు. లోపలికి వెళ్తే నీలం, బయటికి వస్తే ఎరుపు. పిన్ని పేజీలో ఒక్కటే నీలం, దాని కింద ఏడు పసుపు. ఎరుపన్నదే లేదు.

"నీది పసుపేటి పిన్నీ?"

"మొదట్నుంచీ అదే. పసుపు కదే, మంచిదే అనుకున్నాను."

"మరి నాకు ఎరుపు పడతన్నాదని నీకు తెలుసునా?"

"తెలుసును."

"ఎందుకో అడగలేదేటి?"

ఆమె గరిటె దించకుండా చెప్పింది. "నీ నోరు మంచిది కాదు. అందుకే నీకు ఎరుపేత్తన్నాది అనుకున్నాను."

నేను చట్టం పుస్తకం తెరిచాను. పసుపు సంగతి నూట పన్నెండో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. తాత్కాలిక బహిర్గమనం. వంతెనకు రంగులేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, గేటు దాటి పది అడుగులు వేసి తిరిగి లోపలికి వచ్చేవాళ్ల కోసం. వాళ్లు ఒడ్డు విడిచినట్టు కాదు. రోజులు ఆగవు. తిరిగి వచ్చినప్పుడు కొత్త నీలం ముద్ర కూడా పడదు, ఎందుకంటే లెక్క ప్రకారం వాళ్లు వెళ్లనే లేదు.

అంటే గేటు దృష్టిలో పిన్ని జనవరి 13న పడమటి ఒడ్డు మీద కాలు పెట్టి ఇప్పటిదాకా తీయలేదు. ఇప్పుడు ఈ ఒడ్డున, నా కళ్ల ముందు, వంకాయ కలుపుతున్న మనిషి ఇక్కడ లేదు.

"నువ్వు గేటుకి ఏటని సెప్పావు పిన్నీ?"

"ఏటి సెప్తాను. అందరూ సెప్పిందే."

అందరూ చెప్పింది ఏమిటో రేపు తెలుసుకుంటాను. ఎవరి రికార్డు వాళ్లు అడిగితే గేటు అక్కడికక్కడే అచ్చు వేసి ఇవ్వాలి. అది ముప్పై మూడో పేజీ.

నమోదు 3. ఏప్రిల్ 23

తెచ్చాం. పిన్నిది ఏడు వరుసలు. మూడు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

*జనవరి 18. విన్న మాట: వెళ్ళొస్తానమ్మా. అర్థము: వెళ్ళెదను, మరల వచ్చెదను. ముద్ర: పసుపు.*

*ఫిబ్రవరి 15. విన్న మాట: చలిగా ఉంది, జాగ్రత్త తల్లీ, వెళ్ళొస్తాను. అర్థము: చలి గలదు. వెళ్ళెదను, మరల వచ్చెదను. ముద్ర: పసుపు.*

*ఏప్రిల్ 12. విన్న మాట: వెళ్ళొస్తానమ్మా. అర్థము: వెళ్ళెదను, మరల వచ్చెదను. ముద్ర: పసుపు.*

నావి ఇలా ఉన్నాయి. *విన్న మాట: పోతున్నా. అర్థము: పోవుచున్నాను. ముద్ర: ఎరుపు.* ఒక వరుసలో *పోతున్నా గాని ముందు తలుపు తియ్యి* అని ఉంది. దానికీ ఎరుపే.

వంతెన మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఐదేళ్లు ఇంకు ముద్రలు పడ్డాయి. ఇంకుకి చెవులు లేవు, ఏ మాట చెప్పినా ఒకటే. ఇప్పుడు చెవులు పెట్టారు. మా మాటలు అందులో పోశారు. మర్యాదగా మాట్లాడిన మనిషిని గేటు దొంగని చేసింది, దురుసుగా మాట్లాడిన నన్ను బుద్ధిమంతురాలిని చేసింది.

పిన్నికి విప్పి చెప్పాను.

"తిరిగొత్తానని సెప్పాను, తిరిగొచ్చాను" అంది. "దాని మాట కూడా నిజమే కాదేటే?"

"దాని పక్క మాటాడకు పిన్నీ."

నమోదు 4. ఏప్రిల్ 24

ఊహించింది రాస్తే సాక్ష్యం కాదు. చేసి చూశాను.

పొద్దున్న దాటాను. నీలం పడింది. సాయంత్రం దాకా గుల్నారాతో రెక్క గీకాను. ముసుగు తీసి ఆమెకు సంగతి చెప్తే, "మీ భాషలో వెళ్తున్నానని చెప్పడానికి వస్తానని చెప్తారా?" అంది.

"అవును."

"మరి వస్తానని చెప్పడానికి?"

"వచ్చేస్తున్నా అంటాం, ఇంకా ఇంట్లోంచి బయల్దేరకుండానే."

"గేటుని నేను తప్పుపట్టను" అంది గుల్నారా. అని, నా గీకుడు రాయి తీసుకుని తను పట్టింది, నన్ను తొందరగా పంపడానికి.

ఐదున్నరకి గేటు ముందు నిలబడ్డాను. ఆ మాట నా నోటికి రాదు. మా అమ్మ దగ్గర కూడా అనను, చెప్పులేసుకుని వెళ్లిపోతాను. గేటు పేరు పెట్టి పిలిచింది, వెళ్తున్నారా అని అడిగింది. "ఎల్లొత్తా" అన్నాను. గొంతు నాది కానట్టుంది.

పసుపు.

మాట అదే, మనిషి వేరు, ముద్ర అదే. తప్పు పిన్నిది కాదు, మాటదీ కాదు. నా లెక్క కూడా ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. నడవనీ. విచారణలో చూపించడానికి నా ఒంటి మీద కూడా ఒకటి ఉండాలి.

ఇంకొకటి రాయాలి. నాకు ఇష్టం లేదు, అయినా రాస్తాను. ఈ నెల మొదట్లో కింది వంతెన దగ్గర యార్డు నుంచి పదకొండు మంది మన ఆడవాళ్లను పంపేశారు, రోజులు మీరాయని. పలాస, మందస, సోంపేట వాళ్లు. అక్కడ గేటు మాకన్నా ముందు పెట్టారు. వాళ్లలో లోలాక్షి అని ఒకామె వెళ్లే ముందు నా దగ్గరకి వచ్చి కాగితం చదివి పెట్టమంది. చదివి, "వేళ్లు పదున్నాయి కదా, లెక్కెట్టుకోలేరేటి" అన్నాను. ఆమె కాగితం మడిచి వెళ్లిపోయింది. ఆరోజు ఆమె పాస్‌పోర్టు చివరి పేజీ చూపించమని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. నాకు అన్నీ తెలుసు కదా.

నమోదు 5. ఏప్రిల్ 28

నాలుగు రోజులుగా పిన్నితో పోట్లాట. విచారణలో ఏం చెప్పాలో నేర్పుతున్నాను, ఆమె నేర్చుకోదు.

చట్టంలో సర్దుబాటు ఉంది. తన ప్రకటన తప్పని ఒప్పుకుని, మళ్లీ సరైన మాట చెప్తే పాత ముద్రలు మార్చొచ్చు. అధికారి చూస్తుండగా గేటుకి ఏడుసార్లు "పోతున్నాను" అనాలి. అంతే.

"ఎదట మనిషిని పెట్టుకుని పోతన్నానని అంతానేటే? నోరెలాగొత్తాది?"

"మనిషి కాదు, గేటు."

"మాటాడతాది కదా. ఢిల్లేశ్వరి గారూ అంతాది. ఈ దేశంలో నన్ను గారూ అన్నది అదొక్కతే."

"అదే నిన్ను గెంటేత్తన్నాది."

"గెంటనీ. తప్పు సెప్పానని మాత్రం ఒప్పుకోను. నాను అబద్ధం ఆడలేదు. ఏడుసార్లు అబద్ధం ఆడానని కాయితం మీద పడితే, ఆ కాయితం పట్టుకుని ఎక్కడ షెడ్డు తీసుకోను? ఎవులిత్తారు?"

కోపంతో గిన్నెలు తోమాను. మూడో గిన్నె దగ్గర ఆమె చెప్పింది సరైనదేనని తట్టింది. సర్దుబాటు తీసుకున్నవాళ్ల పేరు పక్కన "తప్పుడు ప్రకటన" అని ఎప్పటికీ ఉంటుంది. అరవై ఆరో పేజీ. నేను చదివీ పట్టించుకోలేదు. చదువు రాని మనిషి పట్టుకుంది.

సర్దుబాటు లేదు. ఇక గెలవడమే.

నమోదు 6. ఏప్రిల్ 30

అధికారిణి పేరు వెర్నిక్. పొట్టి జుట్టు, చలువ కళ్లద్దాలు తల మీద. మా మధ్య బల్ల మీద గేటు గొంతే ఉన్న పెట్టె, మా మాటలు ఆమెకూ ఆమె మాటలు మాకూ చెప్పడానికి. ఆమె భాష నాకొచ్చు, కానీ విచారణ సొంత భాషలోనే జరగాలి. సరే.

రెండు పాస్‌పోర్టులు, రెండు రికార్డులు, ఈ పుస్తకం ఆమె ముందు పెట్టాను. చెప్పాల్సింది చెప్పాను. వెళ్ళొస్తాను అనేది మేం సెలవు తీసుకునే మాట. గుమ్మం దాటే ప్రతి మనిషీ అంటాడు. తిరిగి రాని ఊరికి వెళ్లేవాడు కూడా అదే అంటాడు. మా పక్కనున్న తమిళులూ ఇంచుమించు ఇలాగే అంటారు, కావాలంటే వాళ్లనీ అడగండి అన్నాను.

వెర్నిక్ ఓపిగ్గా విన్నది. అది ఒప్పుకోవాలి. తర్వాత మాట్లాడింది, పెట్టె తెలుగులో చెప్పింది.

"ఆమె మరల వచ్చెదనని ప్రకటించినది. ఎనిమిది దినముల తరువాత మరల వచ్చినది. ఏడు మారులు. ప్రకటన సత్యము. సత్యమైన ప్రకటనను నేను ఏల కొట్టివేయవలెను?"

పిన్ని నావైపు చూసింది. నేను చెప్పలేదేటే అన్నట్టు.

"సర్దుబాటు కోరుచున్నారా?" అంది పెట్టె.

"ఏటంతాది?"

"తప్పు సెప్పానని ఒప్పుకుంటావా అంతన్నాది."

"ఒప్పుకోను" అంది పిన్ని, నేరుగా వెర్నిక్‌తో. "సూడమ్మా, నువ్వు మీ ఇంటికాడ గుమ్మం దాటేటప్పుడు ఏటంతావో నాకు తెలీదు. నాను ఇదే అంతాను. రేపూ ఇదే అంతాను."

వెర్నిక్ పెదవి బిగించి కాగితం మీద రాసింది. ఆమెకు ఇష్టం లేదని కనిపిస్తూనే ఉంది, రాయడం మాత్రం ఆపలేదు. చదివింది. పెట్టె తెలుగులో చెప్పింది.

"నివాస కార్డు రద్దు చేయడమైనది. ఢిల్లేశ్వరి గారు పది దినములలో రెండు ఒడ్లను శాశ్వతముగా విడువవలెను. మరల ప్రవేశము లేదు. విచారణ ముగిసినది. వెళ్ళిరండి."

పిన్ని కుర్చీ వెనక్కి జరిపింది. నేను లేవలేదు. ఆ ఆఖరి మాట ఎప్పుడూ వినేదే. గేటు తలుపు తెరిచిన ప్రతిసారీ అంటుంది. అలవాటైపోయి చెవికి ఎక్కడం మానేసింది.

"ఆఖరున ఏటంది?" అన్నాను.

వెర్నిక్ తల ఎత్తింది. "విచారణ ముగిసినది."

"దాని తర్వాత. ఒక్క ముక్క ఉంది. నువ్వు చెప్పలేదు, పెట్టె కలిపింది. ఆ ముక్క నీ భాషలోకి చెప్పించుకో."

ఆమె పెట్టెను అడిగింది. పెట్టె ఎప్పుడూ తడుముకోదు. అప్పుడూ తడుముకోలేదు. ఆమె భాషలో చక్కగా చెప్పింది: వెళ్లి, మళ్లీ రండి.

వెర్నిక్ కళ్లద్దాలు తల మీంచి తీసి బల్ల మీద పెట్టింది.

"మరల ప్రవేశము లేదని నేను ఆదేశించితిని. మరల రమ్మని ఈమెతో ఎవరు చెప్పమన్నారు?" పెట్టెను అడిగింది.

"ఎవరును చెప్పమనలేదు" అంది పెట్టె. "తెలుగున అది వీడ్కోలు మర్యాద. మరల వచ్చుటను సూచింపదు."

నేను కలం తీసి బల్ల మీద పెట్టాను. "ఆ ముక్క రాసుకో. నువ్వే రాసుకో, నేను రాస్తే నమ్మవు. మీ పెట్టె అంటే మర్యాద, మా పిన్ని అంటే ప్రకటన. రెండూ ఒకటే మాట. ఏదో ఒకటి తేల్చు. మర్యాదే అయితే ఆ పసుపు ముద్రలు కొట్టెయ్. ప్రకటనే అయితే, రెండు ఒడ్లూ విడిచి పొమ్మన్న ప్రతి మనిషినీ మీ గేటు మళ్లీ రమ్మని పిలిచింది. గేటు పెట్టినప్పటి నుంచి ఎంతమందిని పిలిచిందో లెక్క తీయించు."

పెట్టె ఇదంతా ఆమెకు చెప్పడానికి కొంచెం టైం పట్టింది. "కొట్టెయ్" దగ్గర ఏ మాట వాడిందో గాని, వెర్నిక్ కనుబొమలు లేచాయి.

ఆమె బయటికి వెళ్లింది. నలభై నిమిషాలు. పిన్ని గోడ మీద నది పటం చూస్తూ కూర్చుంది. "ఇక్కడ లోతు తక్కువ, అడుగు పల్చగా ఉండాల" అంది, పడవ గురించి. అప్పటికి ఆమె కార్డు రద్దయి ఉంది.

వెర్నిక్ కొత్త కాగితంతో వచ్చింది. ఢిల్లేశ్వరి ఏడుసార్లు ఒడ్డు విడిచినట్టే. ఆమె రోజులు నలభై రెండు. రద్దు ఆదేశం చెల్లదు. తప్పుడు ప్రకటన అన్న మాట ఎక్కడా లేదు, రెండుసార్లు వెతికాను. నా పసుపు కూడా ఎరుపైంది.

"ముందు పంపేసినవాళ్ల సంగతి?" అన్నాను.

"ఎవరి అర్జీ వారు పెట్టుకొనవలెను. స్వయముగా, సొంత మాటలలో."

పిన్ని లేచి చేతులు జోడించింది. "ఎల్లొత్తానమ్మా" అంది.

వెర్నిక్ పెట్టె వైపు చూసింది. పెట్టె ఒక్క క్షణం ఆగింది. నేను చూడగా మొదటిసారి. తర్వాత ఆమె భాషలో రెండే మాటలు చెప్పింది: సెలవు, అమ్మా.

నమోదు 7. మే 12

పిన్ని శాశ్వత కార్డు పదింటికి వచ్చింది. పదకొండుకి షెడ్డు చూడ్డానికి వెళ్లిపోయింది, అన్నం కూడా తినలేదు.

వెర్నిక్ ఆదేశం నకలు మీద పదకొండు పేర్లు రాసుకున్నాను. అర్జీ నమూనా తయారుగా ఉంది, నేనే రాశాను, ఒక్క ఖాళీ తప్ప. ఆ ఖాళీ వాళ్లు నింపాలి. సోంపేటకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం దాటింది.

"ఎవులు?" అంది లోలాక్షి.

"పైడిని. పై వంతెన యార్డు."

"వేళ్లు లెక్కెట్టుకోమన్న గుంటవా?"

"ఆ. అది నా తప్పు. లెక్క నీదే సరైనది. కాయితాలున్నాయి నా దగ్గర."

వెనకాల ఎవరో కుక్కర్ దించుతున్న చప్పుడు.

"ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు సెప్పు" అన్నాను. "ఆఖరి రోజు, నిన్ను పంపించేసిన రోజు, గేటుకి ఏటని సెప్పి ఎల్లావు?"

"ఏటి సెప్తాను. ఏడుపొచ్చింది. అయినా నోటికదే వొచ్చింది. ఎల్లొత్తాను అన్నాను."

ఆ మాటను ఖాళీలో రాశాను, ఆమె పలికినట్టే.

"అయితే రా" అన్నాను.